పోలయ్య మేస్త్రీ ముక్కు

మా తేయాకు తోటలో పోలయ్య మేస్త్రీ నమ్మింది ఒక్క తన ముక్కునే. మనిషి కనబడితే పలకరింపు తర్వాత. ముందు వాసన చూడాలి.

పందొమ్మిది వందల ఇరవైలలో అరకు మీది కొండ నెత్తిన మెక్‌రే దొర ఆ తోట వేశాడు. ఎత్తుకొండ చలిలో మెల్లగా పెరిగిన ఆకుకే పరిమళమని ఆ స్కాట్లాండు మనిషి నమ్మకం. నేను గుమాస్తాను. పోలయ్య నీలగిరిలో మరో స్కాట్లాండు దొర దగ్గర పని నేర్చి వచ్చినవాడు.

“తేయాకు దూదిలాటిది బాబూ. పక్కనేటుంటే దాని వాసన పీల్సేసుకుంటాది,” అని ఆకు వాడబెట్టే గది గుమ్మంలో కాపలా కూర్చునేవాడు.

“సోములమ్మా, కొప్పులో పువ్వు తీసెయ్యి.”

“నిన్నటి పువ్వు మామా, వాసనే లేదు!”

“నిన్న ఉండేది గదా!”

దొర పొగాకు పైపు కాలుస్తూ వచ్చినా చేతులు అడ్డం పెట్టాడు. దొర మురిసిపోయాడు. “ఇంత అనుమానం మా దేశంవాళ్లకే ఉంటుందనుకున్నాను!”

ఒక ముసురు సాయంత్రం రోడ్డు కాంట్రాక్టరు జవాన్లు ఇద్దరు వచ్చిపడ్డారు. ఘాట్‌రోడ్డు వెట్టిపని నుంచి పారిపోయిన భీముడనే కూలీ ఇటే వచ్చాడట. దొరికితే చెట్టుకు కట్టి కొడతారని అందరికీ తెలుసు.

పోలయ్య లేచి మొదటివాడి మెడ దగ్గర ముక్కు పెట్టాడు. “సుట్ట.” రెండోవాడి దగ్గరికి వెళ్లాడు. “సారా. పైన ఎండుసేప.”

“తప్పుకో!”

“తప్పుకుంటాను బాబూ. ఈ ఆకు దొరల సీమకెళ్తాది. అక్కడ ఎండుసేప కంపు కొడితే ఎవులు సేసినారని దొర అడుగుతాడు. మీ పేర్లేటి? గుమాస్తా బాబూ, బేగి రాసుకోండి.”

జవాన్లు మొహాలు చూసుకున్నారు. పేర్లు చెప్పకుండానే కొండ దిగిపోయారు.

నాకు అనుమానం వేసి లోపలికి తొంగిచూశాను. ఆకు పరిచిన చట్రాల కింద భీముడు ముడుచుకుని ఉన్నాడు. అడవిలో నెగడు పక్కన దాక్కుని వచ్చాడేమో, ఒళ్లంతా పొగ వాసన.

“నా ఆకంతా తగలేసినావురా!” అని ముక్కు మూసుకునే తన గొంగడి కప్పాడు పోలయ్య. “తెల్లారేలోగా కొండవతలకి పో. ముందు ఏట్లో మునుగు.”

వారం తిరిగాక దొర ఆ టీ రుచి చూసి ఆగిపోయాడు.

“పొగ! ఎవరు?”

“నేనే బాబూ. సలేసి కుంపటి ఎట్టుకున్నాను,” అన్నాడు పోలయ్య.

దొర అతన్ని అనుమానంగా చూశాడు. ఇంకో గుక్క తాగాడు. కప్పు దించలేదు.

“మా ఊళ్లో చలికాలం అమ్మ పొయ్యిలో కట్టెలకు బదులు, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు కాల్చేది. ఇల్లంతా ఈ వాసనే,” అన్నాడు. ఆ టీ పెట్టె అమ్మవద్దని, బంగళాకు పంపమని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

బయటికి రాగానే పోలయ్య నా చెవిలో గొణిగాడు.

“దొర కళ్లల్లో నీళ్లేటి బాబూ? ఆ కప్పు ఎవులు కడిగినారో కనుక్కోండి. ఉల్లిపాయ కోసిన సెయ్యి తగిలుంటాది.”