ఎండ వాచీ

మా కోకాపేట టవర్ల నడుమ ఒక పచ్చిక ఉంది. దాని మీద నడవకూడదని బోర్డు కూడా ఉంది. పచ్చిక అంచున సిమెంటు బెంచీలు వేశారు. సాయంత్రమయ్యేసరికి పిల్లల్ని చూసుకునే ఆయాలు వచ్చి వాటి మీద కూర్చునేవారు. మాది కింది అంతస్తు కాబట్టి వంటింటి కిటికీలోంచి వాళ్ళంతా నాకు కనిపించేవారు. పోయిన చలికాలంలో అక్కడొక వింత చూశాను. ఆయాలందరి ముంజేతులకూ ఒకే రకం వాచీలు, నీలం రబ్బరు పట్టీతో, చిన్నపిల్లల సైజువి. పిల్లలు మాత్రం ఒక్కరూ లేరు. అప్పుడు నవ్వొచ్చింది. పోచమ్మ సంగతంతా చెప్పాక ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

పోచమ్మది ఇక్కడి పాత ఊరే. టవర్లు లేని రోజుల్లో ఈ నేలలోనే పరాయివాళ్ళ జొన్నచేలలో కలుపు తీసింది. చేలు ఆమెవి కావు కాబట్టి ధరలు ఆకాశానికంటినా ఆమెకు ఒరిగిందేమీ లేదు. పెనిమిటి రాజయ్య తాపీమేస్త్రి, గోడ కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఉన్నట్టుండి ఆయన పక్కనున్న తట్టలు తగిలి పడటం, గుమ్మాలకు భుజం కొట్టుకోవడం మొదలైంది. తాగొచ్చాడని అందరూ అన్నారు. పోచమ్మకు అనుమానం తీరలేదు. ఒకరోజు ఆయన వాకిట్లో వీధి వైపు చూస్తూ కూర్చున్నప్పుడు ఆమె పక్కగా వచ్చి చప్పుడు చేయకుండా నిలబడింది. చెయ్యి చాపితే అందేంత దూరం. రాజయ్యకు ఆమె వచ్చినట్టే తెలియలేదు.

దవాఖానకు తీసుకుపోతే నీటికాసులన్నారు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలన్నారు. మిగిలింది కూడా నిలవలేదు. ఇప్పుడాయన శేరిలింగంపల్లిలో ఒక కిరాయి గదిలో మంచం మీద కూర్చుని, పొద్దు ఎక్కడికొచ్చిందో భార్యను అడిగి తెలుసుకుంటాడు.

పోచమ్మ పని చేసిన ఇల్లు మా టవర్లోనే పదమూడో అంతస్తులో. దేవిశ్రీ, రవికిరణ్ కాకినాడ వైపు వాళ్ళు, ఇద్దరూ ఐటీ ఉద్యోగులు. వాళ్ళమ్మాయి రసజ్ఞ పొత్తిళ్ళలో ఉన్నప్పుడే పోచమ్మ ఆయాగా చేరింది. ఉగ్గు పెట్టింది, వేలు పట్టి నడిపించింది. పిల్ల “అమ్మ” అనకముందే “అవ్వ” అంది. దేవిశ్రీ ఆ ముచ్చట అందరికీ నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వులో కాస్త బాధ కూడా ఉండేది.

రెండో తరగతిలో రసజ్ఞకు కళ్ళద్దాలు వచ్చాయి. ఏడాది తిరక్కుండానే నంబరు దాదాపు రెట్టింపైంది. దేవిశ్రీ బెంబేలు పడిపోయింది. ఆవిడవీ మందపాటి అద్దాలే, పదో తరగతిలో గుంటూరు హాస్టల్లో ఉండగా వచ్చినవి. చదివితే అద్దాలొస్తాయి, చదివితేనే ఉద్యోగమూ వస్తుంది, అంతవరకు ఆవిడకు పేచీ లేదు. పిల్లకు ఏడేళ్ళకే రావడమేమిటన్నదే ఆవిడ దిగులు.

పోచమ్మ దిగులు వేరు. ఆమె తన పాత పరీక్ష మళ్ళీ మొదలుపెట్టింది. బడి బస్సు రోడ్డుకు అవతలి పక్క ఆగుతుంది. ఈవల మా గేటు స్తంభం దగ్గర ఆమె పిలవకుండా, చెయ్యి ఊపకుండా నిలబడేది. రసజ్ఞ ఎక్కడినుంచి తనను పోల్చుకుని చెయ్యెత్తుతుందో చూసేది. మొదట్లో పిల్ల బస్సు కిటికీలోంచే ఎత్తేది. కొన్నాళ్ళకు బస్సు దిగాక ఎత్తడం మొదలైంది. ఇంకొన్నాళ్ళకు రోడ్డు మధ్య స్పీడుబ్రేకరు దగ్గరికి వచ్చాక.

ఆ రోజుల్లోనే కంటి పరిశోధనవాళ్ళు మా క్లబ్‌హౌస్‌కు వచ్చారు. వాళ్ళకు పెద్ద కృష్ణప్రియ అనే డాక్టరు, ఈ హైదరాబాదు అమ్మాయే. పిల్లల్లో దూరపుచూపు ఎందుకింత తొందరగా తగ్గుతోందో తెలుసుకోవాలని వాళ్ళ ప్రయత్నం. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు కన్ను అంత తొందరగా పాడవదని వేరే చోట్ల చూశారట, మన ఊళ్ళో అది ఎంతవరకు నిజమో తేల్చాలట. పిల్లలు రోజూ రెండు గంటలు ఆకాశం కింద ఆడుకోవాలి. చేతికి పెట్టుకున్న వాచీ ఎంత వెలుతురు పడిందో లెక్కగడుతుంది. రెండు గంటలు నిండితే తల్లిదండ్రుల ఫోన్లో ఒక ఆకుపచ్చ వలయం పూర్తవుతుంది. మూడు నెలలకోసారి వచ్చి కంటిగుడ్డు పొడవు కొలుస్తారు, అది సాగేకొద్దీ అద్దాల నంబరు పెరుగుతుందట.

అద్దాలు పెట్టుకుంటే కనిపిస్తుంది కదా, ఇంకేం భయమని పోచమ్మ అడిగింది. కృష్ణప్రియ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. “అద్దాలతోని చూపు సరిచేస్తం అమ్మా. కానీ ఒకసారి పొడుగు సాగిన కన్ను మళ్ళ పొట్టిగ కాదు. నంబరు బాగ పెరిగినోళ్ళకు పెద్దయినంక లోపటి పొర చినిగే భయముంటది, నీటికాసులొచ్చే భయముంటది. అందరికీ రాదు. కానీ భయమైతే ఉంటది.”

నీటికాసులన్న మాట వినగానే పోచమ్మకు పెనిమిటే గుర్తొచ్చాడు. రాజయ్య విషయంలో ఆలస్యమైపోయింది, ఈ పిల్ల విషయంలో కానివ్వనని అక్కడే అనుకుంది. ఆ మర్నాటి నుంచి బడి నుంచి రాగానే పాలు తాగించి కిందికి తీసుకొచ్చేది. బోర్డును లెక్కచేయకుండా పచ్చిక మీద పరుగెత్తించేది. వాచ్‌మన్ నర్సింహ అడ్డం వస్తే నాలుగు చీవాట్లు పెట్టేది. రసజ్ఞ ముఖం ఎండకు కమిలింది, ముంజేతి మీద వాచీ పట్టీ మేర తెల్లటి గీత పడింది. ఆ కొన్నాళ్ళూ గేటు దగ్గర పరీక్షలో పిల్ల వెనక్కి పోలేదు. స్పీడుబ్రేకరు దగ్గరే చెయ్యెత్తుతూ వచ్చింది. పోచమ్మకు అదే పదివేలు.

అంతలో మా టవర్ల తల్లులు ఆ ఆకుపచ్చ వలయాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరి పిల్లకు నిండింది, ఎవరి పిల్లకు నిండలేదు, ఎవరు వారమంతా నింపారు. మనవాళ్ళ సంగతి తెలిసిందే, ఎండలో కూడా ర్యాంకులు తెచ్చుకోకపోతే నిద్రపట్టదు. అది చాలదన్నట్టు బడిలో ఐఐటీ పునాది తరగతులన్నారు, మూడో తరగతి పిల్లలకు. సరిగ్గా ఆట వేళకే ఆన్‌లైన్లో పాఠాలు. ఎండా కావాలి, పాఠమూ కావాలి. పిల్ల ఒక్కతే ఉంది.

దేవిశ్రీ ఒకరోజు వాచీ తెచ్చి పోచమ్మ చేతిలో పెట్టింది. “పోచమ్మా, ఇవాళ్టికి ఇది నువ్వు పెట్టుకుని కింద కూర్చో. దానికి క్లాసుంది. రింగు నిండకపోతే గ్రూపులో అందరూ అడుగుతారు” అంది. ఒక్కరోజే కదా అని పోచమ్మ పెట్టుకుంది. మర్నాడు కూడా క్లాసుంది. ఆ తర్వాత అడగడం కూడా మానేసి, వాచీ తలుపు పక్కన మేకుకు తగిలించి పెట్టేవారు. ఎండ తగలాల్సింది పిల్లకు గదా మేడం అని పోచమ్మ ఒకసారి అంది. ఆదివారం రిసార్టుకు తీసుకెళ్తున్నాం కదా, అక్కడ కావలసినంత ఎండ అని దేవిశ్రీ జవాబు. రిసార్టులో పిల్ల ఏసీ గదిలో హోంవర్కు చేసుకుందని తర్వాత తెలిసింది.

ఒక్క పదమూడో అంతస్తే కాదు, మిగతా ఇళ్ళ ఆయాలదీ అదే పని. అమ్మణ్ణి చేతికి అన్నాచెల్లెళ్ళవి రెండు వాచీలు. సుబ్బమ్మ వాచీ పట్టీ బిగుతై చెయ్యి వాచేది. ఒకావిడకు ఆయా లేదు, బాల్కనీలో తులసి కుండీకి కట్టిందట. ఆ తులసికి చూపు బాగానే ఉండి ఉంటుంది. టవరు నీడ మీదికి వచ్చినప్పుడల్లా ఆయాలంతా లేచి పక్క బెంచీకి జరిగేవారు. పోచమ్మ కూడా జరిగేది. ఆమె నల్లటి ముంజేతి మీద తెల్లటి గీత పడుతుంటే, పైన పిల్ల చేతి మీది గీత మాసిపోయింది.

మళ్ళీ కొలతల రోజు వచ్చింది. రసజ్ఞ కన్ను బాగా పొడుగైందని తేలింది. నంబరు ఐదు దాటింది. కృష్ణప్రియ యంత్రం వైపు, ఫోన్లోని వలయాల వైపు మార్చి మార్చి చూసింది. మా టవర్లలో చాలామంది పిల్లలది అదే వరస. ఇంత వెలుతురు పడుతున్నా నంబరు ఆగలేదంటే ఈ పద్ధతి మనకు పనికిరాదేమో, వేరే కారణం వెతకాలేమో అని తోటివాళ్ళతో అంటోంది. పక్కనే ఉన్న దేవిశ్రీ ఆ మాట పట్టుకుంది. రోజూ రెండు గంటల ఎండ ఉండి కూడా ఏం ఒరిగిందండీ, ఇంక ఆ రెండు గంటలూ దండగ చేయడమెందుకు అని భర్తతో అంది. అబద్ధం చెబుతున్నానన్న ఎరుక ఆవిడ ముఖంలో లేదని పోచమ్మ నాతో అంది. వలయాలు చూసీ చూసీ ఆవిడే నమ్మేసింది. చదువుకున్న మనిషికి ఇంత మతిమరుపు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

అందరూ వెళ్ళాక పోచమ్మ, సామాను సర్దుకుంటున్న కృష్ణప్రియ ముందుకు వెళ్ళి చెయ్యి చాపి గీత చూపించింది.

“గా ఎండ నాదమ్మా. పిల్లది కాదు. పిల్ల కిందికి రాక శానా దినాలాయె.”

కృష్ణప్రియ ఆ చెయ్యి దగ్గరికి తీసుకుని చూసి, కుర్చీలో కూర్చుంది. “ఎండతోని లాభం లేదని రాయబోతుంటిమి అమ్మా” అంది.

ఆ డాక్టరు పోచమ్మను ఒక్క మాట అనలేదు. తర్వాత జరిగిందేమిటంటే, మా టవర్ల కొలతలన్నీ పరిశోధనలోంచి తీసేశారు. వాచీలు ఒక అట్టపెట్టెలో వేసుకుని పోయారు. పోయేముందు కృష్ణప్రియ తల్లిదండ్రులందరినీ పిలిచి, పిల్లలు ఆడుకోవడానికి వాచీ అక్కర్లేదు, కిందికి పంపిస్తే చాలని బతిమాలింది. అందరూ తలలూపారు. మర్నాడు పచ్చిక మీద పిట్ట కూడా లేదు. వాచీలు లేవు గనక ఆయాలకు కూడా కిందికి వచ్చే పని లేకపోయింది.

చెప్పింది పోచమ్మేనని టవర్లంతా తెలిసిపోయింది. దేవిశ్రీ అరవలేదు. ఏడ్చింది. “అందరి ముందూ నా పరువు తీశావు పోచమ్మా. నా కూతురి చెడు నేను కోరతానా? రేపటి నుంచి రావద్దు” అంది. కోరదు. అది నిజమే. ఆవిడను ఒడ్డున పడేసింది చదువొక్కటే, కూతురికి ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. పోచమ్మ పిల్లకు చెప్పి వెళ్తానంది. రసజ్ఞ క్లాసులో ఉంది, గది తలుపు వేసి ఉంది. తలుపు తట్టొద్దన్నారు.

ఇప్పుడు పోచమ్మ మా ఇంట్లో గిన్నెలు తోముతోంది. బస్సు వేళకు పని ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని గేటు స్తంభం దగ్గరికి వెళ్తుంది. రసజ్ఞకు పెరిగిన నంబరుకు కొత్త అద్దాలు చేయించలేదని, పరీక్షలయ్యాక చేయిస్తారని నర్సింహ చెప్పాడు. మొన్న నేను కూడా పోచమ్మ వెంట వెళ్ళాను. బస్సు ఆగింది. పిల్ల దిగింది, కొత్త ఆయా సంచీ అందుకుంది. పిల్ల రోడ్డు మీదికి వచ్చింది, స్పీడుబ్రేకరు దాటింది. చెయ్యెత్తలేదు.

నాకు ఆగలేదు, పిలువు పోచమ్మా అన్నాను.

“పిలిస్తే గొంతు గుర్తువడ్తదమ్మా. నాకు గావాల్సింది గొంతు గుర్తువట్టుడు కాదు” అంది, పిల్ల మీదినుంచి చూపు తిప్పకుండానే.

రసజ్ఞ గేటు దాకా వచ్చింది. కళ్ళు చికిలించి మా ఇద్దరి వైపూ చూసింది, ఎవరో తెలియనివాళ్ళను చూసినట్టు. కొత్త ఆయా భుజం పట్టి లిఫ్టు వైపు తిప్పింది. పిల్ల వెళ్ళిపోయింది.

పోచమ్మ చెయ్యి అప్పుడు లేచింది, పిల్ల వీపు వైపు. ఆ చేతి మీద గీత ఇప్పుడు లేదు, మొత్తం ఒకే నలుపు. దించేసుకుని, “మా ఆయనకు గిట్లనే సురువైంది” అంది. “ఇగ నడువమ్మా, గిన్నెలున్నయి.”