ఆలూరు పిచర్‌కు బదులు నేను

ఈ రోజు సాయంత్రం డోన్‌లో మా బేస్‌బాల్ జట్టంతా టీ కొట్టు దగ్గర చేరింది. వచ్చే సీజన్‌కు బంతి విసిరే మంచి పిచర్ కావాలి. ఆలూరు జట్టులో ఒకడున్నాడు. వాడికి బదులుగా నన్ను ఇచ్చేద్దామని మా కెప్టెన్, అంటే నా సొంత బామ్మర్ది, నా ఎదురుగానే తేల్చేశాడు. పదేళ్లుగా ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ కాస్తున్నవాణ్ణి, టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేశాను.

బామ్మర్ది వెంటనే ఆలూరు కెప్టెన్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ అడిగాడు.

"పిచర్‌ను ఊరికే పంపిస్తాంలేప్పా. మీ బావను మాత్రం యాడికీ పంపాకండి. ఆయప్ప మీ పక్క ఉండాడనే కదా మేము గెలుస్తాండేది!" అన్నాడాయన.

కొట్టు మొత్తం నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ, ఎవరినీ ఇవ్వకుండా జట్టుకు పిచర్‌ను తెచ్చింది నేనే కదా! ఇంత పలుకుబడి ఉన్న ఆటగాడు మీ ఊరి జట్టులో ఉంటే చెప్పండి, చూద్దాం.