ఎడమచేతి తలుపు

స్కూటీ మీంచి పడ్డ దగ్గర్నుంచి నా కుడిచేయి భుజం దాటి పైకి లేవదు. ఇక ఇంతే అన్నాడు డాక్టరు. సరే అనుకుని కారు నేర్చుకున్నాను. తుమ్మపాల బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ నేనే నడుపుకుంటూ వెళ్లొస్తాను. స్టీరింగుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా కారు షెడ్డు తలుపుతో వచ్చింది.

అనకాపల్లిలో మేం కొత్త ఇల్లు కడుతుంటే, షెడ్డుకి షట్టర్ అన్నది నన్నెవరూ అడక్కుండానే ఖాయమైపోయింది.

"బెల్లం కొట్లన్నిటికీ అదే కదమ్మా. సవకలో అయిపోద్ది," అన్నాడు మేస్త్రీ.

"ఒక్క ఎడమచేత్తో దాన్నెంతవరకు లేపగలను?"

"సారు లేపుతారు కదండి."

మా ఆయనదీ అదే మాట. "నేనున్నాను కదా, పొద్దున్నే తీసేత్తాను." ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను బడికి వెళ్లాలంటే ఇంకొకరు నిద్ర లేవాలా? ఆయన ఊరెళితే నేను సెలవు పెట్టాలా? అది తలుపో, నాకు కాపలాయో అర్థం కాలేదు.

సాయంత్రాలు వెల్డింగు కొట్ల చుట్టూ తిరిగాను. ఎక్కడ తలుపు కనిపించినా ఎడమచేత్తో తోసి చూడడమే నా పరీక్ష. "రెండు చేతులూ ఎయ్యండి మేడమ్," అన్నాడొక కొట్టతను. "రెండోది పనిచేస్తే నీ దగ్గరికి రాను బాబూ," అన్నాను. చివరికి కింద పట్టా మీద చక్రాలతో పక్కకు జరిగే తలుపు దొరికింది. ఒక్క తోపుకే కదిలింది. ధర షట్టర్‌కి మూడింతలు. మోటారు పెడితే ఇంకా ఎక్కువ. తుపానొస్తే ఎలాగూ కరెంటుండదు కాబట్టి మోటారు వద్దన్నాను.

తక్కువపడ్డ డబ్బు సింహద్వారం ఖర్చులోంచి తీశాను. టేకు చెక్క, మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ ఏనుగులు అనుకున్నది కాస్తా సాదా వేపకర్రకు దిగింది.

"సింహద్వారానికి యేపకర్రేటమ్మా? సుట్టాలు నవ్వరా?" అన్నారు అత్తగారు.

"నవ్వనివ్వండి అత్తయ్యా. నేను రోజూ వెళ్లేది అటు కాదు."

ఆవిడ చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆ ఏనుగుల బొమ్మ ఆవిడే క్యాలెండర్లోంచి కత్తిరించి దాచుకున్నారు. అది గుర్తొచ్చినప్పుడల్లా బాధనిపించేది. అయినా వెనక్కి తగ్గలేదు.

గృహప్రవేశం నాడు అత్తగారు వేప గుమ్మానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, తోరణం కట్టించారు. తర్వాత పసుపు గిన్నె పట్టుకుని మెట్లు దిగారు. ఎక్కడికా అని వెనకాలే వెళ్లాను. షెడ్డు ముందు వంగి, తలుపు కింద గచ్చుకి పసుపు రాస్తున్నారు.

"అది కారు షెడ్డు కదమ్మగారూ," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ తలెత్తలేదు. "నా కోడలు ఎల్లేదీ వచ్చేదీ ఇటే. దానికి గుమ్మం ఇదే."

బొట్లన్నీ పెట్టాక నడుం పట్టుకుని లేచి, "ఏదీ, తియ్యి సూద్దాం," అన్నారు.

ఎడమచేత్తో తోశాను. తలుపు సాఫీగా గోడవారకు జరిగిపోయింది. నాకు కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆ చెయ్యే కావాల్సి వచ్చింది.

ఆవిడ తలుపుని పైనుంచి కిందికి ఒకసారి చూశారు.

"ఏనుగులు దీనికి పెట్టించాల్సింది," అన్నారు.