ఫిబ్రవరి తొమ్మిది లేని డైరీ

జనవరి 2

ఈ డైరీ నేను కొనలేదు. మా బైండింగు షాపులో పాడైన సరుకు. పదహారు పేజీలు కలిసి మడతపడే కాగితాన్ని మేం ఫారం అంటాం. ఇందులో జనవరి రెండో సగం ఫారం రెండుసార్లు పడింది. దాంతో ఫిబ్రవరి మొదటి పదహారు రోజులూ ఎగిరిపోయాయి. ఆ ఫారాలు వరసగా పేర్చిన మహానుభావుణ్ణి నేనే. యజమాని దీన్ని నా మీదకి విసిరి, "నువ్వే రాసుకో, నీకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. సరే, రాస్తున్నాను. ఏం చేసుకుంటాడో చేసుకోమను.

నాకు ముప్ఫై ఆరేళ్లు. పదిహేడేళ్లుగా ఇదే పని. షాపులో నన్ను 'నిదానం' అంటారు. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో తప్పులు చేసేది నేను, దిద్దేది ఆవిడ. పంపకం విషయంలో ఎప్పుడూ గొడవ రాలేదు.

జనవరి 7

మా ఆవిడ అన్నయ్యగారు వచ్చి వెళ్లారు. ఆయన గురించి పక్క పేజీ నిండా రాశాను. మనసు తేలికపడింది.

జనవరి 12

కుడి చెయ్యి వణుకుతోంది. నెల రోజులుగా దాస్తున్నాను. పొద్దున టీ సగం నేను తాగాను, సగం నా చొక్కా తాగింది. మధ్యాహ్నం కటింగు మెషిన్లో కాగితాల కట్ట సర్దుతుంటే బొటనవేలు బ్లేడు కిందే ఉండిపోయింది. మా షాపులో కాగితాలు మడిచే పెద్దమ్మ, "ఒరేయ్ నిదానం, చెయ్యి తియ్!" అని కేక పెట్టబట్టి బతికిపోయాను.

"చలికి వణికిందిలే పెద్దమ్మా" అన్నాను.

"నెత్తి మీద ఫ్యాను పెట్టుకుని చలేమిట్రా, నీ మొహం!" అంది.

నాన్నకీ ఇలాగే చేతి నుంచే మొదలైంది. చివరికి చెంచా నోటిదాకా వచ్చేది కాదు. అమ్మ తినిపిస్తుంటే ఆయన గోడవైపు చూస్తూ నమిలేవాడు. ఒక్కసారి కూడా అమ్మ మొహం చూడలేదు. నాకు భయంగా ఉంది. మా ఆవిడకి మాత్రం చెప్పను. చెప్తే నా వైపు జాలిగా చూస్తుంది. ఆ చూపు నేను భరించలేను.

జనవరి 20

వీధి చివర డాక్టరు చేతులు చాపమన్నాడు, కళ్లు మూయమన్నాడు, గదిలో అటూ ఇటూ నడిపించాడు. ఏమిటో చెప్పకుండా, ఫిబ్రవరి తొమ్మిదిన నరాల డాక్టరుకి చూపించుకోమని చీటీ రాశాడు. షాపుకొచ్చి డైరీ తిరగేశాను. ఫిబ్రవరి తొమ్మిది లేదు! నా తప్పు నాకు పనికిరావడం జన్మలో ఇదే మొదటిసారి. లేని రోజున ఎవడు మాత్రం ఎక్కడికి వెళ్తాడు? చీటీ చించి జిగురు డబ్బాలో పడేశాను.

జనవరి 28 (అట్టముక్క మీద)

కొంప మునిగింది. మా ఆవిడ స్కూలువాళ్ల డైరీలు నలభై ఇవాళ కట్ట కట్టి పంపాను. మేం లెక్కపెట్టేది పుస్తకాల వీపులు, అంటే కుట్టు పడే అంచులు, చూసి. తెరిచి చూసే అలవాటు లేదు. ఐదు వీపులు ఇటు, ఐదు అటు, పది. అలాంటివి నాలుగు దొంతరలు. లెక్క సరిగ్గా సరిపోయింది. సాయంత్రం చూస్తే బల్ల మీద కొత్త డైరీ ఒకటి మిగిలింది. అదే నీలం అట్ట. పక్కనే పెట్టుకున్న నాది మాత్రం లేదు.

నా చెయ్యి, మా నాన్న, ఆ చీటీ, పైగా బావగారు, అన్నీ ఆ స్కూల్లో ఎవరి బల్ల మీదో ఉన్నాయి.

జనవరి 29 (అట్టముక్క వెనకవైపు)

పొద్దున్నే స్కూలుకి పరిగెత్తాను. గేటు దగ్గర మా ఆవిడే ఎదురొచ్చింది.

"ఏంటండీ, ఇలా ఊడిపడ్డారు?"

"డైరీల్లో ఒకటి... పాడైంది కలిసిపోయిందేమోనని."

"కట్ట నేనే విప్పాను. నేనే పంచాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మీరు పనికి వెళ్లండి, మీ యజమాని అరుస్తాడు."

మొహంలో ఏమీ కనబడలేదు. పరీక్ష పేపర్లు ఇచ్చే ముందు కూడా ఆవిడ అలాగే ఉంటుందట. పిల్లలు చెప్పుకుంటారు.

ఫిబ్రవరి 4 (మరో అట్టముక్క)

ఆవిడ నాలుగు రోజులుగా నాకు సగం గ్లాసు టీ ఇస్తోంది. "ఈ ముష్టి ఏమిటి?" అని కసురుకున్నాను. "పాలు తక్కువొచ్చాయి" అంది. ఆవిడ గ్లాసు మాత్రం నిండుగా ఉంది. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 8

డైరీ దొరికింది. ఇవాళ నా భోజనం సంచిలో, డబ్బా కింద ఉంది.

లోపల అక్కడక్కడా ఎర్ర సిరా, మా ఆవిడ పేపర్లు దిద్దే సిరా. బావగారి పేజీ చివర, "అంతా నిజమే. ఆయనతో అనకండి" అని రాసింది. నాన్న గురించి రాసిన చోట ఒక్క అక్షరం రాయలేదు. కానీ కాగితం ఉబ్బి ఉంది. తడిసి ఆరిన కాగితం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?

రెండోసారి వచ్చిన జనవరిలో ఇరవై నాలుగో తేదీ పేజీ మీద నోటుబుక్కులోంచి చింపిన గళ్ల కాగితం అతికించి ఉంది. లెక్కల టీచరు కదా, ఫిబ్రవరి తొమ్మిది రావలసిన చోటు సరిగ్గా అదే. దాని మీద ఇలా ఉంది:

"ఫిబ్రవరి 9. పొద్దున పది గంటలకి నరాల డాక్టరు. చీటీ మళ్లీ రాయించాను. స్కూలుకి సెలవు పెట్టాను. ఇద్దరం వెళ్తున్నాం. మీరు గోడవైపు చూస్తే ఊరుకోను."

పదిహేడేళ్లలో ఇంత వంకర అతుకు నేను చూడలేదు. జిగురు అంచులు దాటి పక్క పేజీకి కూడా అంటుకుంది. పెద్దమ్మ తొంగి చూసి, "ఎవర్రా ఈ చెత్త పని చేసింది? ఇటియ్యి, ఊడదీసి బాగా అతికిస్తా" అంది. ఇవ్వలేదు. షాపు వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చాను.

తర్వాత యజమానిని సెలవు అడిగాను. ఎందుకన్నాడు. "చెయ్యి వణుకుతోందండీ" అన్నాను. ఆ మాట పైకి అనడం ఇదే మొదలు. ఆయన నా చేతివైపు చూసి, సెలవు తీసుకోమన్నాడు, కటింగు మెషిను తాళం ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి టీ సగం గ్లాసు సిద్ధంగా ఉంది. ఆవిడ మొహం చూస్తూ తాగాను. తాగి, మిగతా సగం కూడా పొయ్యమని అడిగాను.