అర అంగుళం మనికు

మా దీవిలో అలీ మనికు బొటనవేలు నొక్కి చూడని వస్తువంటూ లేదు. నలభై ఏళ్లుగా దోణీ ఇంజను బెల్టును నొక్కీ నొక్కీ ఆ వేలికి అదే పనైపోయింది. బెల్టు నడుమ నొక్కితే సరిగ్గా అర అంగుళం దిగాలి. తక్కువ దిగితే బిగువెక్కువై నీళ్ల పంపు బేరింగు పోతుంది. ఎక్కువ దిగితే బెల్టు జారి ఇంజను కాగిపోతుంది. మనికు ఈ లెక్కను ఇంజనుతో ఆపలేదు. పుచ్చకాయ, ఫుట్‌బాల్, బట్టలారేసే తాడు, పెళ్లింటి పిండి, అన్నిటినీ నొక్కి తీర్పు చెప్పేవాడు. వేలికి బెల్టు మసి ఎప్పుడూ ఉండేది కాబట్టి తీర్పుతోపాటు ముద్ర కూడా పడేది.

"నా రోషీ రొట్టెల మీద నీ వేలిముద్రలేంటయ్యా? వీటిని తినాలా, పోలీసులకివ్వాలా?" అని పొరుగింటి ఐసాబీ కేకలేసేది.

"పిండి బిగిసింది చెల్లీ. ఇంకాసిని నీళ్లు పొయ్యి."

ఐసాబీ కోడలు షియూనా బడిలో సైన్సు చెబుతుంది. మనికును చూస్తే ఆమెకు నవ్వాగేది కాదు, ఆ ఉదయం దాకా.

ఆ ఉదయం ఆమె ఎనిమిది నెలల కొడుకు ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పాలు తాగడం లేదు. తెల్లారినప్పటి నుంచి గుడ్డ తడపలేదు. ఊళ్లో నర్సు చూసి, "పెద్దాసుపత్రికి పొండి. దారిలో ఎలాగైనా పాలు తాగించండి," అంది. ఆ ఆసుపత్రి మరో దీవిలో, గంటన్నర దూరం. బిడ్డ తండ్రి రిసార్టు కొలువులో ఉన్నాడు. రేవులో మిగిలింది మనికు దోణీ ఒక్కటే. అతనేమో అప్పుడే దానికి కొత్త బెల్టు వేస్తున్నాడు.

"తొందరగా తాతా!"

"వేలు ఒప్పుకోవాలమ్మా." నొక్కాడు. కర్రముక్కతో బెల్టు చుట్టుకున్న డైనమోను కాస్త ఎగదోసి, బోల్టు బిగించి, మళ్లీ నొక్కాడు. "అర అంగుళం. ఎక్కండి." బిడ్డనెత్తుకుని షియూనా, ఆమె వెనకే ఐసాబీ ఎక్కారు.

నైరుతి గాలికి సముద్రం పొంగుతోంది. రొమ్ము నోటికందించిన ప్రతిసారీ బిడ్డ ఇంజను చప్పుడుకు ఉలిక్కిపడి మొహం తిప్పేస్తున్నాడు. షియూనా వాడి గుడ్డ తడిమింది. పొడి. పావుగంటకు ఇంజను ఆగింది.

"ఏమైంది?" షియూనా లేవబోయింది.

"ఏం కాలేదు. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది." నొక్కాడు. ముప్పావు అంగుళం దిగింది. స్పానర్‌తో బోల్టు వదులు చేసి, బెల్టు లాగి, మళ్లీ బిగించాడు. స్పానర్‌ను గుడ్డలో ముడేసి షియూనా కాళ్ల దగ్గర పెట్టాడు.

అతను చెప్పింది నిజమేనని షియూనాకు తెలుసు. కానీ దోణీ అలలకు అడ్డంగా ఊగుతుంటే తెలిసినదేదీ ధైర్యమివ్వలేదు.

"నా మనవడికేమన్నా అయిందో, ఆ వేలు కోసి చేపలకేస్తా," అంది ఐసాబీ.

"గ్రీజు వాసన. చేపలు ముట్టవు చెల్లీ."

మరో అరగంటకు బిడ్డ ఏడుపు మానేశాడు. ఊరికే మూలుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే మనికు దోణీని ఎవరూ లేని ఓ దీవి చాటుకు తిప్పి మళ్లీ ఇంజను ఆపాడు.

"వద్దు తాతా! ఆపకు! వీడు ఏడవడం కూడా లేదు!"

"బెల్టమ్మా. ఐదు నిమిషాలు." ఇంజను పెట్టెలో తల దూర్చి వీపు తిప్పేశాడు.

అక్కడ నీళ్లు కదలడం లేదు. హోరు లేదు. షియూనా బిడ్డను మళ్లీ రొమ్ముకానించింది. వాడు తల తిప్పలేదు. ఒక గుటక. చాలాసేపటికి ఇంకోటి. ఆమె లెక్కపెట్టింది.

"బిగించావా?" ఐసాబీ గుసగుసగా అడిగింది.

"బోల్టు మొండికేసింది," పెట్టెలోంచి అంతే గుసగుసగా జవాబొచ్చింది.

పది నిమిషాల తర్వాత బిడ్డ రొమ్ము వదిలి త్రేన్చాడు. ఆ మరుక్షణమే, "బిగిసింది!" అంటూ మనికు తల పైకి లేచింది.

షియూనా కిందికి చూసింది. స్పానర్ మూట ఆమె కాళ్ల దగ్గరే ఉంది. ముడి విప్పలేదు.

ఆసుపత్రి రేవు చేరేసరికి ఆమె ఒళ్లో వెచ్చగా తడి తగిలింది. గౌను పాడైనందుకు అంత సంబరపడ్డ మనిషిని ఐసాబీ ఎన్నడూ చూడలేదు.

"తాతా, ఆ బోల్టు దేంతో బిగించావు?" షియూనా మూట ఎత్తి చూపింది.

మనికు ఆకాశం చూశాడు. ఆఖరికి బిడ్డ బుగ్గ నొక్కాడు. "అర అంగుళం!"

వార్డులో నర్సు సూది మందిచ్చి, జ్వరం దిగుతుందని చెప్పి, బుగ్గ మీది నల్లముద్ర తుడవడానికి దూది తీసింది. ఐసాబీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వమ్మా. అది తనిఖీ ముద్ర."