నా వయసుకు ముగ్గురు సాక్షులు

ఆ రోజుల్లో మా అమలాపురంలో మనిషికి వయసు వచ్చిందో లేదో తేల్చే అధికారం పుట్టిన తేదీకి లేదు, కన్నతల్లికి లేదు, చర్చిలో బాప్తిస్మం పుస్తకానికీ లేదు. సినిమా హాలు గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునే ఒక ముసలాయనకి ఉండేది. టిక్కెట్లు చింపడం ఆయన ఉద్యోగం. కానీ పోస్టరు మీద సున్నా చుట్టిన ‘ఎ’ అక్షరం కనబడిన వారం మాత్రం ఆయన జిల్లా జడ్జీ అయిపోయేవాడు. ఊరంతా ఆయన్ని సెన్సారు బాబాయి అనేది. నేను చెప్పబోయేది నవ్వొచ్చే సంగతే, విన్నవాళ్లంతా నవ్వారు కూడా. నాకు మాత్రం ఇన్నేళ్లయినా చెప్పడం మొదలుపెట్టగానే చెవులు వేడెక్కుతాయి. కోపం మీద నవ్వు పూసి చెబుతున్నానని ముందే మనవి చేసుకుంటున్నాను. పూత అక్కడక్కడ ఊడితే మన్నించాలి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఊరికి రెండు మైళ్ల అవతల ఒక బడిలో లెక్కల టీచరుగా చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం చెయ్యలేదు. మనిషిని పొట్టి, పైగా పీల. ఒకసారి ప్రార్థన వేళ ఇనస్పెక్టరుగారు వచ్చి, పిల్లల పక్కన నిలబడ్డ నన్ను చూసి, “వరసలో సరిగ్గా నిలబడమ్మా” అన్నారు (నిలబడ్డాను కూడా, ఇంకేం చేస్తాను). మా మేనత్త ఆస్పత్రిలో నర్సు. అమలాపురంలో నడిచి వెళుతుంటే, ‘వీడు ఎదురు కాళ్లతో పుట్టేడు, వీడు పుట్టి ఏడవలేదు’ అని జనాన్ని గుర్తుపట్టేది. ఆవిడకి పెళ్లి లేదు, మొహమాటం లేదు. ఒక శనివారం ఇంటికొచ్చి, “అమ్మాయ్, ఊళ్లోకి ఓ సినిమా వచ్చింది. నువ్వు చూడాలే. ఆడపిల్లలకి పాఠాలు చెప్పేదానివి” అంది. ఎదురుగోడ పోస్టరు మీద సినిమా పేరు కన్నా ‘పెద్దలకు మాత్రమే’ అన్న మాట పెద్దగా ఉంది. మా అమ్మ అది చూసి మొహం తిప్పుకుంది. అత్త మాత్రం, “పెద్దాళ్లమే కదా వదినా, వెళ్లొస్తాం” అని నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

మాటినీ. గేటు దగ్గర అత్త దాటేసింది. నా టిక్కెట్టు చింపబోయి సెన్సారు బాబాయి ఆగిపోయాడు. నన్ను కాళ్ల నించి పైకి చూశాడు (ఎంతోసేపు పట్టలేదు). “పాపా, నువ్వాగమ్మా” అన్నాడు. నా ఉద్యోగం చెప్పాను, వయసు చెప్పాను. “ఆయ్, కాదనట్లేదండి. రుజువు చూపించండి. మొన్నే తాసీల్దారాఫీసోళ్లొచ్చి తనిఖీ చేసి ఎల్లేరు. నా ఉద్యోగం ఊడిపోద్దండి.” నేను చీర కొంగు చూపించాను. “చీరదేవుందండీ, మా మనవరాలు కూడా కడద్ది. దానికి పదమూడు.” అత్త వెనక్కొచ్చింది. “ఏవండీ బాబాయ్, ఇది పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనండి. నాకన్నా రుజువేటండి?” అంది. “తమరు మేనత్తండీ. ఇంటి మనిషి సాక్ష్యం చెల్లదండి” అన్నాడు ఆ ధర్మమూర్తి. ఈ విచారణ జరుగుతున్నంతసేపూ మా పక్కనించి మీసాలు మొలవని కుర్రాళ్లు డజన్ల కొద్దీ లోపలికి పోతున్నారు. వాళ్లలో ఒకడు లాగూ వేసుకున్నాడు. “వాళ్లని అడగరేం?” అని అరిచాను. “మగపిల్లలండి. ఆళ్లకేటవుద్దండి?” అన్నాడు. ఇదిగో, ఇక్కడే నా చెవులు వేడెక్కేది.

గొడవ విని లోపలివాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. ఆ తలల మధ్యలోంచి గట్టిగా ఒక గొంతు: “బాబాయ్! ఆరు మా లెక్కల టీచరుగారండి! పెద్దోరేనండి! మొన్న గురువారం నన్ను బల్లెక్కించేరు!” చూస్తే మా పదో తరగతి వెనక బల్ల కుర్రాడు. వాడి వెనక వాడి పక్కన కూర్చునేవాడు, ఆ వెనక క్లాసు లీడరు. ముగ్గురూ చేతులు కట్టుకుని గేటు దగ్గర వరసగా నిలబడి, నేను పెద్దదాన్నేనని సాక్ష్యం చెప్పారు. లీడరు అయితే, “పరీక్ష పేపర్లు కూడా ఆరే దిద్దుతారండి” అని అదనపు ఆధారం జత చేశాడు. సెన్సారు బాబాయి సంతృప్తిపడి నా టిక్కెట్టు చింపాడు. పదిహేనేళ్లవాళ్లు ముగ్గురు పూచీపడితే ఇరవై మూడేళ్ల నేను పెద్దదాన్నయ్యాను. అప్పుడు గాని ఆ ముగ్గురికీ తాము ఎక్కడున్నదీ, ఎవరి ముందు నిలబడిందీ తెలిసిరాలేదు. వాళ్ల పుట్టిన తేదీలు ఆ ఏడు క్లాసు రిజిస్టరులో ఎక్కించింది నేనే. ముగ్గురి మొహాలూ ఒక్కసారే పాలిపోయాయి.

సినిమా చూశాను. అందులో ముద్దులు లేవు, డాన్సులు లేవు. ఒక పల్లెటూరి పిల్ల, ఒంట్లో ఏమవుతోందో తెలియక, ఎవర్నీ అడగలేక, ఎవరో ఇచ్చిన నాటుమందు మింగి చచ్చిపోతుంది. తర్వాత ఒక డాక్టరమ్మ గోడకి బొమ్మ తగిలించి, ఆడదాని ఒంటి గురించి పది నిమిషాలు మాట్లాడుతుంది. అంతే. ఆ పది నిమిషాల మాటలకే సున్నా చుట్టిన అక్షరం. అదే హాల్లో అంతకు ముందు వారం ఆడిన సినిమాకి ఏ అక్షరమూ అడ్డు రాలేదు. చంకలో పిల్లల్ని వేసుకుని ఉప్పలగుప్తం నించి కూడా వచ్చారు జనం. ఆ రోజుల్లో హీరోకి చెల్లెలు ఉందంటే, ఇంటర్వెల్ లోపు ఆ చెల్లెలికి ఏ గతి పడుతుందో ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు. దాన్ని తెర నిండా, చినిగిన జాకెట్టుతో సహా, పాటంత పొడుగున చూపించేవారు. అది కుటుంబమంతా కలిసి చూడొచ్చు! ఆడపిల్లని పాడు చెయ్యడం పిల్లలు చూడొచ్చు, ఆడపిల్ల ఒంటి సంగతి మాత్రం పిల్లలు వినకూడదు. ఈ లెక్క వేసిన మహానుభావులు ఏ ఊళ్లో ఏ కుర్చీలో కూర్చున్నారో గాని, నా క్లాసులో అయితే బల్ల మీంచి దిగేవారు కారు.

బయటికొస్తుంటే సాక్షులు ముగ్గురూ సైకిళ్ల చాటున దాక్కోబోయారు. పిలిచాను. “ఏం చూద్దామని వచ్చేర్రా?” వెనక బల్లవాడు నేల చూపులు చూస్తూ, “మోసపోయేమండి టీచరుగారూ. ఏదో ఉంటదనుకున్నాం. ఆవిడ కూడా మీలాగే పాఠం చెప్పిందండి” అన్నాడు. నాకు నవ్వాగలేదు. అంతలో లీడరు గొంతు తగ్గించి అడిగాడు: “టీచరుగారండీ, ఆ పిల్ల వాళ్లమ్మకి చెప్పుంటే బతికేది కదండీ? ఎందుకు చెప్పలేదండీ?” వాడికి ఇద్దరు అక్కలున్నారు. “సోమవారం లెక్కలు చేసుకు రండి” అని కసిరి పంపేశాను.

సోమవారం లెక్కలు వాళ్లవి కాదు, నావి తేలాయి. బడి నడిపే కరస్పాండెంటుగారు కబురు పెట్టారు. పెద్ద కొబ్బరితోటలున్న మనిషి, మాట మెత్తన. “ఏవమ్మా, తమరు ‘పెద్దలకు మాత్రమే’ సినిమాకి వెళ్లేరంట?” “ఆయ్, వెళ్లేనండి. పెద్దదాన్నే కదండీ.” ఆయన చిరునవ్వు నవ్వి, “తమరు పెద్దవారని గేటు దగ్గర మన పిల్లలు చెప్పేరంట కదమ్మా. ఆ పిల్లల పేర్లు ఓ కాయితం మీద రాసిచ్చెయ్యండి. టీసీలిచ్చి పంపేద్దాం. తమరి సంగతి మర్చిపోదాం. ఉద్యోగం ఖాయం చేసే వేళ కదా” అన్నారు. పబ్లిక్ పరీక్షలకి రెండు నెలలు కూడా లేవు. మా ఇంట్లో కూలి పనికి వెళ్లకుండా కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్నవాళ్లలో మా అత్త తర్వాత నేనే. అయినా నోరు ఆగలేదు.

“పేర్లు రాస్తే వాళ్లు ఏం చూశారో కూడా రాస్తానండి” అన్నాను. “కిందటి నెల మన తొమ్మిదో తరగతి పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదండి. ఎందుకో తెలుసాండీ? రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుంది. కొబ్బరితోటలో దాక్కుని ఏడుస్తుంటే నేనెళ్లి తీసుకొచ్చేను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు దానికి ముందుగా చెప్పలేదండి. చెప్పే సినిమా వస్తే గేటు దగ్గర ఆపేస్తారు. ముందు వారం దాన్నీ, దాని చెల్లెల్నీ ఆ చీరలు లాగే సినిమాకి వాళ్ల నాన్నే తీసుకెళ్లేడండి. తమరు దాని గురించి ఎవర్నీ పేర్లడగలేదేం?” ఆయన మొహం ఎర్రబడింది. “ఛ, ఛ, ఆడపిల్లవి, ఏం మాటలమ్మా అవి! రేపటికి పేర్లు రాకపోతే తమరు రానక్కర్లేదు” అని లేచి వెళ్లిపోయారు.

నేను పేర్లు రాయలేదు. ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని, ఏడుస్తూ పడుకున్నాను (అంత వీరత్వం తర్వాత ఆ మాత్రం విశ్రాంతి కావాలి). అత్త డ్యూటీ దిగి వచ్చి, సంగతంతా విని, తెల్ల చీర కూడా మార్చకుండా నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంటుగారింటికి బయల్దేరింది. ఆయన వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. అత్త దణ్ణం పెట్టి, చాలా మర్యాదగా అంది: “ఆ సినిమాలో గోడకి తగిలించిన బొమ్మ తమరు ఎరిగిందేనండి. అమ్మగారి మూడో పురుడు కష్టమైనప్పుడు తమకి నేనే చూపించేను. తమరు కళ్లు తిరిగి బల్ల మీద పడ్డారు. ముందు తమరికి గ్లూకోజు పెట్టి, తర్వాత అమ్మగారిని చూసేం. అప్పటికి తమరికి ముప్పై నాలుగేళ్లండి. బొమ్మ చూడ్డానికి ఎంత వయసు రావాలో తమరే సెలవియ్యాలి.” లోపల్నించి కిసుక్కుమని నవ్వు వినబడింది. అమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. “పిల్లల పేర్లెందుకండీ మనకి?” అన్నారు, భర్త వేపు చూడకుండా, మాకు మంచినీళ్లిస్తూ. “మనమ్మాయికి కూడా ఎవరూ చెప్పలేదు. నాకే నోరు రాలేదు.” ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వెనకనించి, “సరే, రేపు బడికి రమ్మనండి” అన్న మాట వచ్చింది. అమ్మగారు అక్కడితో ఆగలేదు. ఆవిడ పట్టు మీదే అత్త ఆ నెలలోనే మా ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకి, తలుపులు వేసి, ఆ బొమ్మే తగిలించి పాఠం చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల ముందు బల్లలో కూర్చుంది. ముగ్గురు సాక్షులూ పరీక్ష పాసయ్యారు, ఒకడు నా సబ్జెక్టులో బొటాబొటీగా.

కథ ఇక్కడ ఆపేస్తే నేను గొప్పదాన్నైపోతాను. కాని నాకు పెళ్లయి పదేళ్లు తిరిగేసరికి వీడియోలు వచ్చాయి. అల్లవరం వేపు ఒక తాటాకు పాకలో టీవీ పెట్టి, గోనెపట్టా తెర కట్టి, ఏవేవో సినిమాలు వేస్తున్నారని విన్నాను. ఓ ఆదివారం తొమ్మిదేళ్ల మా అమ్మాయితో అటు వెళుతూ, దాన్ని బయట నిలబెట్టి లోపలికి తొంగిచూశాను. మా ఏడో తరగతి పిల్లలు నేల మీద బారులు తీరి కూర్చున్నారు. తెర మీద ఉన్నది నేనిక్కడ రాయను. గోనెపట్టా ఊడబీకాను. పిల్లల్ని చెవులు పట్టుకుని బయటికి ఈడ్చాను. పాకవాడు, “ఇక్కడ సర్టిఫికెట్టూ గట్రా ఉండవు కదండీ, ఎవరైనా చూడొచ్చండి” అన్నాడు. “ఉండాలయ్యా! ఉండాలి!” అని రోడ్డు మీద నిలబడి అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అడ్డు ఉండాలి, నిజమే. కాని దేనికి అడ్డు పెట్టాలో తెలిసినవాళ్లు పెట్టాలి. ఇంతకు మించిన తెలివైన మాట నాకు ఆనాడూ దొరకలేదు, ఈనాడూ దొరకలేదు.

తిరిగి వస్తుంటే మా అమ్మాయి, “అమ్మా, లోపల ఏముంది?” అని అడిగింది. “ఏమీ లేదు, నడు” అన్నాను. అనేసి, కాలవ గట్టు పొడుగునా నోరు మూసుకుని నడిచాను. కరస్పాండెంటుగారి ఎదుట నిలబడి అన్నేసి మాటలన్న దాన్ని, తొమ్మిదేళ్ల పిల్లకి ఒక్క వాక్యం చెప్పలేక, రెండు రేవులు దాటించాను. మూడో రేవు దగ్గర కూలబడి, తడబడుతూ, చీర కొంగు నలుపుతూ, మంచీ చెడ్డా తెలిసినంత చెప్పాను. అది కాళ్లు నీళ్లలో ఆడిస్తూ అంతా విని, “ఇంతేనా? మరి ఇంతసేపు ఎందుకమ్మా భయపడ్డావు?” అంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, కూతురి ఎదుట తప్పు చేసిన పిల్లలా కూర్చున్న ఆ టీచరమ్మని తలుచుకుంటే, ఎంత ప్రయత్నించినా, నాకు కోపం మాత్రం రాదు.