కాళ్లతో కట్టిన విమానాశ్రయం

హేగన్ విమానాశ్రయంలో విమానం వైపు నడుస్తున్న వాంపి ముసలమ్మ ఉన్నట్టుండి చెప్పులు విడిచి, తారు మీద దబదబా తొక్కింది.

"అందరూ చూస్తున్నారు, నా పరువు తీయకే అవ్వా!" అంది మనవరాలు డోర్కస్.

"చూడనీ! మొదటి విమానం దిగడానికి ఈ బురదను గట్టిపరిచింది మేమే. తలకు ఈకలు చెక్కుకుని, చేతులు పట్టుకుని, వరుసలు కట్టి ఆడాం. మా అక్క పాట ఎత్తుకునేది. తర్వాత తారొచ్చింది, అద్దాల మేడొచ్చింది. అడుగునున్నది మాత్రం మా తొక్కుడే!"

ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక విమానం పరుగందుకుంది. పాదాల కింద నేల దడదడా అదిరింది. వాంపి కళ్లు మూసుకుంది. ఎన్నడో పోయిన అక్క పక్కనే ఆడుతోంది. వాంపి కూడా అడుగు కలిపింది.

చక్రాలు నేలను వదిలాయి. అదురు ఆగిపోయింది.

"అయ్యో, అక్క చెయ్యి వదిలేసిందే!" అంది వాంపి.